పెట్టె పదిహేనేళ్లు పనిచేస్తుంది, మరి యాప్?

మ్యూజిక్ స్ట్రీమర్ అంటే ఇంటర్నెట్ నుంచో ఇంట్లోని హార్డ్‌డిస్క్ నుంచో పాటలు తెచ్చి వినిపించే పెట్టె. హై ఎండ్ స్ట్రీమర్‌లలో చాలావాటికి ముందువైపు ఒక్క పవర్ బటనే ఉంటుంది. కొన్నిటికి అదీ వెనకాలే ఉంటుంది. అందమైన అల్యూమినియం పెట్టె, మహా అయితే ఒక చిన్న డిస్‌ప్లే, అంతే. పాట వెతకాలన్నా, ఆపాలన్నా, సౌండ్ తగ్గించాలన్నా ఫోన్ చేతిలోకి తీసుకోవాల్సిందే. ఆ పెట్టెకి ఉండాల్సిన బటన్లన్నీ ఫోన్‌లోని యాప్‌లోకి వెళ్లిపోయాయి. యాప్ సరిగ్గా లేకపోతే ఎంత గొప్ప స్ట్రీమరైనా మూగబోయినట్టే.

అయినా కొనేవాళ్లు ఎక్కువగా చూసేది లోపలి సంగతులే. డాక్ చిప్ (డిజిటల్ అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చేది) ఏది, పవర్ సప్లై ఎలా కట్టారు, క్లాక్ ఎంత కచ్చితంగా ఉంది, ఎన్ని బిట్లు, ఎన్ని కిలోహెర్ట్జ్ (రికార్డింగ్ ఎంత వివరంగా ఉందో చెప్పే అంకెలు) దాకా ఆడుతుంది. రివ్యూల్లో కూడా వీటికి పేజీలు కేటాయించి, యాప్ గురించి చివర్లో రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. రోజూ వాడేవాళ్ల అనుభవం దీనికి తలకిందులుగా ఉంటుంది. డాక్ చిప్ పేరు నెల తిరిగేసరికి మరిచిపోతారు. యాప్ తెరిచాక స్ట్రీమర్ కనబడేదాకా తిరిగే ఆ గుండ్రటి గుర్తు మాత్రం రోజూ కళ్లముందే ఉంటుంది.

సీడీ ప్లేయర్ రోజుల్లో ఈ బెడద లేదు. డిస్కు పెట్టి బటన్ నొక్కితే పాట వచ్చేది, పదిహేనేళ్ల తర్వాత నొక్కినా వచ్చేది. స్ట్రీమర్ అలా ఒంటరిగా బతకదు. దాన్ని తయారుచేసిన కంపెనీ, ఫోన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆపిల్ లేదా గూగుల్, పాటలిచ్చే సర్వీస్, ఈ ముగ్గురూ ఒకే మాట మీద ఉంటేనే పాట వస్తుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ ఏటా మారుతుంది. సర్వీసులు తమకు వీలైనప్పుడు పద్ధతులు మార్చుకుంటాయి. స్ట్రీమర్ కంపెనీలో యాప్ రాసేవాళ్లు చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. అందుకే స్ట్రీమర్ ఎంచుకోవడం అంటే సగం యాప్‌ని ఎంచుకోవడమే.

యాప్ కలుస్తుందా లేదా అని చూసేముందు అసలు ఫోన్ ఏ పని చేస్తోందో తెలియాలి. ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటి దారిలో పాట ఫోన్ గుండా వెళ్తుంది. బ్లూటూత్, ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే ఈ కోవలోవి. ఇంటర్నెట్ నుంచి పాట ముందు ఫోన్‌లోకి వచ్చి, అక్కణ్నుంచి స్ట్రీమర్‌కి చేరుతుంది. ఫోన్ బ్యాటరీ ఖర్చవుతుంది, ఫోన్ వైఫై దాటి వెళ్తే పాట ఆగిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపుతారు కాబట్టి కొంత నాణ్యత పోతుంది. ఎయిర్‌ప్లే అయితే మామూలుగా సీడీ స్థాయి, అంటే 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్, దాటదు. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఆడగల స్ట్రీమర్ కొని రోజూ ఎయిర్‌ప్లేలోనే వింటే, ఆ పెద్ద అంకెలు కాగితం మీదే మిగిలిపోతాయి.

రెండో దారిలో ఫోన్ కేవలం రిమోట్. పాట ఎక్కడుందో స్ట్రీమర్‌కి చెప్పి పక్కకు తప్పుకుంటుంది. స్ట్రీమర్ తనంతట తానే ఇంటర్నెట్ నుంచో ఇంట్లోని హార్డ్‌డిస్క్ నుంచో పాట తెచ్చుకుంటుంది. గూగుల్ కాస్ట్, పాటల సర్వీసుల పద్ధతులైన స్పాటిఫై కనెక్ట్, టైడల్ కనెక్ట్, కోబజ్ కనెక్ట్, యూపీఎన్‌పీ (ఇంటి నెట్‌వర్క్‌లోని డివైసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి), రూన్ అనే సాఫ్ట్‌వేర్, స్ట్రీమర్ కంపెనీల సొంత యాప్‌లు, అన్నీ ఇలా పనిచేసేవే. ఇక్కడ ఫోన్ ఎంత పాతదైనా శబ్దం నాణ్యత మారదు. గూగుల్ కాస్ట్‌కి మాత్రం ఒక హద్దు ఉంది. చాలా డివైసుల్లో అది 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. పై స్థాయి రికార్డింగులు ప్రత్యేకంగా కొనుక్కునేవాళ్లకి తప్ప అది పెద్ద లోటేమీ కాదు.

ఈ రెండో దారిలోనే ఇంకో మెలిక ఉంది. స్ట్రీమర్ కొనేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది దీని దగ్గరే. సాయంత్రం ఒక ఆల్బమ్ పెట్టి, ఫోన్ సోఫా మీద పడేసి, కళ్లు మూసుకుని వింటుంటారు. మొదటి పాట అయిపోతుంది, రెండోది వస్తుంది. రెండోది అయిపోయాక నిశ్శబ్దం. పాట ఆలస్యంగా మొదలవుతుందేమో అని కాసేపు చూస్తారు. రాదు. ఫోన్ తీసి స్క్రీన్ వెలిగించగానే, ఏమీ జరగనట్టు మూడో పాట మొదలవుతుంది. నెట్ పోయిందేమో అని రౌటర్‌ని తిడతారు, తర్వాత స్ట్రీమర్‌ని అనుమానిస్తారు. నిజానికి రెండింటి తప్పూ కాదు.

యూపీఎన్‌పీ పద్ధతిలో మూడు పాత్రలుంటాయి. పాటలు దాచుకునే సర్వర్, పాట వినిపించే రెండరర్, ఈ రెండింటినీ నడిపించే కంట్రోల్ పాయింట్. ఫోన్‌లోని యాప్ ఈ మూడోది. మామూలు యూపీఎన్‌పీలో పాటల వరస ఉండేది ఈ కంట్రోల్ పాయింట్ దగ్గరే. స్ట్రీమర్‌కి తెలిసింది ప్రస్తుతం ఆడుతున్న పాట, మహా అయితే దాని తర్వాతది, అంతవరకే. ఒక పాట అవ్వగానే తర్వాతది ఫలానా అని ఫోన్ చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లు స్క్రీన్ ఆరిపోయాక బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చుతాయి. ఐఫోన్‌లో ఈ కట్టడి ఇంకా ఎక్కువ. యాప్ నిద్రపోతే చెప్పేవాళ్లుండరు, పాట ఆగిపోతుంది.

ఈ ఇబ్బందిని ముందుగా పట్టుకున్నవాళ్లలో స్కాట్లాండ్ కంపెనీ లిన్ ఒకటి. 2007లో క్లైమాక్స్ డీఎస్ పేరుతో స్ట్రీమర్ తెచ్చి, 2009 చివరికల్లా సీడీ ప్లేయర్ల తయారీనే ఆపేసిన కంపెనీ అది. యూపీఎన్‌పీ మీద కట్టిన వాళ్ల ఓపెన్‌హోమ్ పద్ధతిలో పాటల వరస స్ట్రీమర్‌లోనే ఉంటుంది. ఫోన్ ఆరిపోయినా, బయటికి వెళ్లినా ఆల్బమ్ చివరిదాకా ఆడుతుంది. ఇంకొకరు తమ ఫోన్‌లో యాప్ తెరిస్తే అదే వరస కనబడుతుంది, కావాలంటే ఒక పాట చేర్చొచ్చు. దీన్ని వేరే కంపెనీలు కూడా వాడుకునేలా తెరిచి ఉంచారు. ల్యూమిన్ లాంటివి వాడుకున్నాయి కూడా. స్పెసిఫికేషన్లలో ఒక్క మాటగా కనబడే ఓపెన్‌హోమ్ అనే పేరుకి, రోజువారీ వాడకంలో డాక్ చిప్ పేరు కన్నా ఎక్కువ విలువుంది.

దీన్ని పరీక్షించడానికి సాంకేతిక జ్ఞానమేమీ అక్కర్లేదు. డెమోలో ఒక ఆల్బమ్ పెట్టించి, పాట మొదలవగానే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మూడు నాలుగు పాటలు వరసగా వస్తే పాటల వరస ఫోన్‌లో లేదని తేలిపోతుంది. వెంటనే ఆగిపోతే పాట ఫోన్ గుండా వస్తోందని అర్థం. ఒకటి రెండు పాటల తర్వాత ఆగిపోతే, సోఫా మీది కథ ఇంట్లో మళ్లీ జరుగుతుంది. ఈ పరీక్షకి లైవ్ కచేరీ ఆల్బమ్ ఎంచుకుంటే ఇంకో లాభం. పాటకీ పాటకీ మధ్య చప్పట్లు తెగకుండా వస్తున్నాయో లేదో కూడా తెలిసిపోతుంది. తర్వాతి పాటను ముందే అందించే ఏర్పాటు యూపీఎన్‌పీలో ఉన్నా, అది ఐచ్ఛికం. యాప్, స్ట్రీమర్ రెండూ దాన్ని పాటిస్తేనే చప్పట్లు తెగవు.

ఇక సర్వీసుల కనెక్ట్ పద్ధతుల సంగతి. స్పాటిఫై కనెక్ట్ 2013లో వచ్చింది, టైడల్ కనెక్ట్ 2020లో, కోబజ్ కనెక్ట్ 2025లో. వీటిలో స్ట్రీమర్ కంపెనీ యాప్‌తో పెద్దగా పనుండదు. రోజూ ఫోన్‌లో వాడే స్పాటిఫై యాప్‌లోనే డివైసుల జాబితాలో స్ట్రీమర్ పేరు కనబడుతుంది, ఎంచుకుంటే చాలు. పెద్ద కంపెనీ, పెద్ద టీం, కొత్త ఫోన్ సాఫ్ట్‌వేర్ రాగానే సరిచేసిన యాప్. ఒకే సర్వీస్ వినేవాళ్లకి ఇంతకన్నా టెన్షన్ లేని దారి ఇంకోటి లేదు. స్ట్రీమర్ కంపెనీ సొంత యాప్ నాసిరకంగా ఉన్నా, ఈ కనెక్ట్ బాగా పనిచేస్తే ఆ లోటు చాలావరకు పూడుతుంది.

దీనికీ పరిమితులున్నాయి. హార్డ్‌డిస్క్‌లో దాచుకున్న సొంత పాటలు ఈ యాప్‌లలోంచి స్ట్రీమర్‌కి చేరవు. రెండు సర్వీసులుంటే రెండు యాప్‌ల మధ్య తిరగాలి. పైగా కనెక్ట్‌లో కొత్త సదుపాయం వస్తే అది స్ట్రీమర్‌లోకి కూడా రావాలి. స్పాటిఫైలో ఏళ్ల తరబడి అత్యధిక నాణ్యత అంటే సెకనుకు 320 కిలోబిట్ల ఓగ్ వోర్బిస్ అనే కుదించిన రకం. 2025 సెప్టెంబరులో 24 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ దాకా లాస్‌లెస్ (నాణ్యత పోకుండా పాట పంపే పద్ధతి) మొదలైంది. ఫోన్‌లో యాప్ అప్‌డేట్ చేసుకున్నంత మాత్రాన అన్ని స్ట్రీమర్లలోనూ అది వినబడదు. తయారుచేసిన కంపెనీ తన వైపు నుంచి అప్‌డేట్ ఇవ్వాలి. అమ్మేసిన మోడళ్లకి కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తుందన్నది అందుకే కీలకం. అయిదేళ్ల కిందటి మోడల్‌కి చివరి ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఎప్పుడొచ్చిందో ఆ కంపెనీ సపోర్ట్ పేజీలో చూస్తే చాలు, కొత్త మోడల్ జాతకం అందులోనే తెలిసిపోతుంది.

ఆపిల్ మ్యూజిక్ వినేవాళ్లు మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో లాస్‌లెస్ మొదలై 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ దాకా పాటలున్న సర్వీస్ అది. కానీ స్పాటిఫై కనెక్ట్ లాంటి ఏర్పాటు దానికి లేదు. ఐఫోన్ నుంచి చాలా స్ట్రీమర్లకి దారి ఎయిర్‌ప్లే ఒక్కటే, అంటే సీడీ స్థాయితో సరి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఆపిల్ మ్యూజిక్ యాప్‌లో గూగుల్ కాస్ట్ ఉంటుంది. ఆపిల్ పాటలకి ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదనంగా ఒక దారి ఉండటం విచిత్రంగా అనిపించినా నిజమే. ఇంకో మార్గం, లోపల ఆండ్రాయిడ్‌తో నడిచే స్ట్రీమర్లు. ఎవర్‌సోలో, హైఫై రోజ్ లాంటి కంపెనీల మోడళ్లలో ఆపిల్ మ్యూజిక్ యాప్‌ని స్ట్రీమర్‌లోనే నడపొచ్చు. ఆపిల్ మ్యూజిక్ వదులుకోలేనివాళ్లు బ్రాండ్ పరువు, డాక్ చిప్ లాంటివి పక్కనబెట్టి ముందు ఈ ఒక్క ప్రశ్న తేల్చుకోవాలి.

ఐఫోనా, ఆండ్రాయిడా అన్న తేడా హై ఎండ్ ఆడియోలో మొదటినుంచీ ఉంది. ల్యూమిన్ లాంటి కంపెనీలు మొదట ఐప్యాడ్ కోసమే యాప్ రాశాయి. ఔరాలిక్ వాళ్ల లైట్నింగ్ డీఎస్ యాప్ ఐఫోన్, ఐప్యాడ్‌లకే వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు ఎంకనెక్ట్, బబుల్ యూపీఎన్‌పీ లాంటి బయటి యాప్‌లు వాడుకోవాల్సి వచ్చింది. బయటి యాప్‌తో పాట వస్తుంది. కానీ ఆ కంపెనీ గొప్పగా చెప్పుకునే సెట్టింగులు, సర్వీసులన్నీ ఒకేచోట కనబడే ఏర్పాటు, గది శబ్దాన్ని సరిదిద్దే సదుపాయం లాంటివి చాలాసార్లు దొరకవు. రెండింటికీ యాప్ ఉందని రాసి ఉన్నా సరిపోదు. రెండు యాప్‌లూ సమానంగా ఉన్నాయా అన్నది చూడాలి. యాప్ స్టోర్‌లోనూ, ప్లే స్టోర్‌లోనూ ఆ యాప్ పేజీ తెరిచి చివరి అప్‌డేట్ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే, ఏ ఫోన్‌వాళ్లని కంపెనీ సొంత బిడ్డలా చూస్తోందో, ఎవరిని సవతి బిడ్డలా చూస్తోందో ఇట్టే తెలుస్తుంది. ఇంట్లో ఒకరికి ఐఫోన్, మరొకరికి ఆండ్రాయిడ్ ఉంటే ఇది మరీ ముఖ్యం. ఒక్కరి ఫోన్‌లోనే పనిచేసే స్ట్రీమర్ ఆ ఒక్కరు ఇంట్లో లేనప్పుడు బొమ్మలా కూర్చుంటుంది.

ఏటా వచ్చే ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్పుల దెబ్బ ఎలా ఉంటుందో గతం చూస్తే తెలుస్తుంది. 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 రాగానే పాత తరం 32 బిట్ యాప్‌లు తెరుచుకోవడం మానేశాయి. స్ట్రీమర్ నిక్షేపంగా ఉంది, కంపెనీ మాత్రం యాప్‌ని తిరగరాయలేదు. ఇక ఆ ఐఫోన్‌లో దానికి రిమోట్ లేనట్టే. ఆండ్రాయిడ్ వైపు కూడా ప్లే స్టోర్ 2019లో 64 బిట్ తప్పనిసరి చేసింది. చాలాకాలం అప్‌డేట్ చేయని యాప్‌లు కొత్త ఫోన్‌లవాళ్లకి ప్లే స్టోర్‌లో కనబడకుండా పోతాయి. ఆండ్రాయిడ్ 14 మరీ పాత పద్ధతిలో రాసిన యాప్‌లని ఇన్‌స్టాల్ కూడా చేయనివ్వదు. ఫోన్ మార్చిన రోజున స్ట్రీమర్ యాప్ దొరక్కపోతే కారణం చాలాసార్లు ఇదే. పాత టాబ్లెట్‌ని రిమోట్ కోసమే ఉంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మంచి ఉపాయమే, కానీ అక్కడ సమస్య తిరగబడుతుంది. కొత్త యాప్‌కి కొత్త ఆండ్రాయిడ్ కావాలి, పాత టాబ్లెట్‌కి అది రాదు.

చిన్న మార్పు కూడా ఎంత కంగారు పెడుతుందో 2020లో ఐఓఎస్ 14 చూపించింది. అప్పటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోని డివైసులని వెతకాలంటే యాప్ అనుమతి అడగాలి. యాప్ మొదటిసారి తెరవగానే ఒక ప్రశ్న వస్తుంది. చదవకుండా అనుమతి లేదని నొక్కేస్తే అంతే సంగతులు. మళ్లీ అడగదు. యాప్ మాత్రం వెతుకుతూనే ఉంటుంది. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, స్ట్రీమర్‌ని రీసెట్ చేస్తారు, యాప్ తీసేసి మళ్లీ వేస్తారు. చివరికి చేయాల్సింది ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లోకల్ నెట్‌వర్క్ అనే చోట ఆ యాప్ పక్కనున్న స్విచ్ ఒక్కటి వేయడం. ఆండ్రాయిడ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. దగ్గరలోని డివైసులకి సంబంధించిన అనుమతి ఒకటి, కొన్ని వెర్షన్లలో వైఫై వివరాల కోసం లొకేషన్ అనుమతి ఒకటి.

అనుమతులన్నీ ఇచ్చినా కనబడకపోతే నెట్‌వర్క్ వైపు చూడాలి. నెట్ స్పీడుగానే ఉంది కదా, ఎందుకు కనబడదు అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటకి కుదించకుండా పంపినా సెకనుకు సుమారు 9.2 మెగాబిట్లే కావాలి. ఏ మామూలు వైఫైకీ అది బరువు కాదు. ఇబ్బంది పలకరింపు దగ్గర వస్తుంది. యాప్ స్ట్రీమర్‌ని వెతికేటప్పుడు ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. దీన్నే మల్టీకాస్ట్ అంటారు. విన్న స్ట్రీమర్ నేనిక్కడున్నానని బదులిస్తుంది. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంటే ఆ కేక గడప దాటదు. కొన్ని రౌటర్లు, మెష్ సిస్టమ్‌లు కేబుల్ వైపుకీ వైఫై వైపుకీ మధ్య ఈ కేకల్ని సరిగ్గా అందించవు. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇదే జరగొచ్చు. డెమో చూసిన చోట బ్రహ్మాండంగా కనబడిన స్ట్రీమర్ ఇంటికి రాగానే మాయమవడానికి ఇలాంటి కారణాలే ఎక్కువ. అందుకే కొన్నాక తిరిగి ఇచ్చే గడువు ఉందో లేదో ముందే అడగడం మంచిది.

కంపెనీ తనంతట తాను యాప్‌ని పాడుచేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2024 మే నెలలో వైర్‌లెస్ స్పీకర్ల కంపెనీ సోనోస్ తన యాప్‌ని పూర్తిగా తిరగరాసి విడుదల చేసింది. అలారాలు, స్లీప్ టైమర్, పాటల వరసని మార్చుకునే సదుపాయం, ఇలా అలవాటైనవి చాలా ఒక్కరోజులో మాయమయ్యాయి. స్పీకర్లలో ఏ మార్పూ లేదు, వినేవాళ్లకి మాత్రం ఇల్లంతా తలకిందులైంది. ఒక్కొక్కటిగా అవన్నీ తిరిగి తేవడానికి నెలలు పట్టింది. 2025 జనవరిలో సీఈఓ ప్యాట్రిక్ స్పెన్స్ పదవి నుంచి తప్పుకున్నారు. అంతకుముందు 2020లో అదే కంపెనీ కొత్త డివైసులకి ఎస్2, పాతవాటికి ఎస్1 అని యాప్‌ని రెండుగా విడగొట్టింది. పెద్ద కంపెనీ కాబట్టి తప్పు దిద్దుకునే స్థోమత ఉంది. ఏటా కొద్ది పెట్టెలే అమ్మే చిన్న హై ఎండ్ కంపెనీకి అదే పరిస్థితి వస్తే దిద్దుకోవడానికి చేతులు చాలవు.

యాప్ తప్పు లేకుండానే కథ ఆగిపోవచ్చు. క్రోమ్‌కాస్ట్ ఆడియో 2015లో వచ్చి, 2019లో అమ్మకం ఆగిపోయిన గూగుల్ వాళ్ల చిన్న స్ట్రీమింగ్ పరికరం. 2025 మార్చిలో అవి ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. లోపలి సర్టిఫికెట్‌కి ఉన్న పదేళ్ల గడువు తీరిపోవడం కారణం. గూగుల్ కొద్దిరోజుల్లో సరిచేసింది. సరిచేసేవాళ్లు ఉన్నారు కాబట్టి బతికాయి.

వీటికి ఎదురుగా స్క్వీజ్‌బాక్స్ కథ నిలబడుతుంది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో మొదలుపెట్టిన వరసలోవి ఆ ప్లేయర్లు. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొనుక్కుంది, 2012లో స్క్వీజ్‌బాక్స్‌ల తయారీ ఆపేసింది, 2024లో వాటికోసం నడిపిన ఆన్‌లైన్ సర్వీసునీ మూసేసింది. మామూలుగా అయితే కథ అక్కడికి కంచికి చేరాలి. కానీ వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ ఓపెన్ సోర్స్. వాడేవాళ్లే దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఇప్పుడు లైరియన్ మ్యూజిక్ సర్వర్ అన్న పేరుతో నడుస్తోంది, ఫోన్‌లో వాడుకోవడానికి ఒకటికి నాలుగు యాప్‌లున్నాయి. కంపెనీ వదిలేసిన పెట్టె ఇంకా పాడుతోందంటే, దానితో మాట్లాడే భాష అందరికీ తెలిసి ఉండటమే కారణం. పదిహేనేళ్ల కోసం కొనేవాళ్లకి ఈ కథ ఏ స్పెసిఫికేషన్ పట్టిక కన్నా ఎక్కువ చెబుతుంది.

రూన్ ఈ సమస్యకి ఇంకో రకం జవాబు. 2015లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కి ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్ కావాలి, విడిగా డబ్బు కట్టాలి. బదులుగా స్ట్రీమర్ ఏ కంపెనీదైనా యాప్ ఒకటే. రూన్ రెడీ ముద్ర ఉన్న పెట్టె తీసేసి ఇంకో కంపెనీది పెట్టినా లైబ్రరీ, ప్లేలిస్టులు, అలవాట్లు అలాగే ఉంటాయి. స్ట్రీమర్ కంపెనీల యాప్‌లతో విసిగినవాళ్లు దీని దగ్గర స్థిరపడటం సహజం. అయితే ఒక కంపెనీ మీద ఆధారపడటం తప్పి ఇంకో కంపెనీ మీద ఆధారపడటం మొదలవుతుంది. 2023లో రూన్‌ని హార్మన్ అనే ఆడియో కంపెనీ కొనుక్కుంది. రూన్ కోసమే స్ట్రీమర్ కొంటున్నా, రూన్ లేకుండా అది ఏం చేయగలదో ఒకసారి చూసుకోవాలి.

యాప్‌లో పరీక్షించాల్సిన చిన్న విషయాల్లో వాల్యూమ్ గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే స్పీకర్లు దెబ్బతింటాయి. స్ట్రీమర్‌ని నేరుగా పవర్ యాంప్లిఫయర్‌కి కలిపితే సౌండ్ మొత్తం యాప్‌లోని ఒక గీత మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్ జేబులోంచి తీస్తుంటే బొటనవేలు ఆ గీత చివర తగిలితే చాలు, గది అదిరిపోతుంది. గరిష్ఠ వాల్యూమ్‌కి పరిమితి పెట్టే సెట్టింగ్ ఉందా, ఆ పరిమితి కంపెనీ యాప్‌కే వర్తిస్తుందా లేక ఎయిర్‌ప్లే, కనెక్ట్ దారిలో వచ్చినా వర్తిస్తుందా అని తప్పకుండా చూడాలి. ఫోన్ పక్కనుండే వాల్యూమ్ బటన్లతో స్ట్రీమర్ సౌండ్ మారుతుందా అన్నదీ ఫోన్‌ని బట్టి ఉంటుంది. 2024లో ఐఫోన్‌లో స్పాటిఫై కనెక్ట్‌కి ఆ బటన్లు పనిచేయడం మానేశాయి, ఆపిల్ ఆ ఏర్పాటుని తీసేసిందని స్పాటిఫై చెప్పింది. ఫోన్ బెల్ మోగగానే సౌండ్ తగ్గించడానికి పక్క బటన్ నొక్కే అలవాటున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అందుకే పెట్టె మీద ఒక నాబ్ ఉన్న మోడల్‌కో, చేతి రిమోట్‌తో వచ్చే మోడల్‌కో ఎప్పుడూ కొంచెం ఎక్కువ మార్కులు వేయొచ్చు.

సొంత పాటలు ఎక్కువగా ఉన్నవాళ్లు డెమోలోని రెండొందల ఆల్బమ్‌లు చూసి నిర్ణయానికి రాకూడదు. పది వేల ఆల్బమ్‌లున్నప్పుడు జాబితా జారుడు ఎలా ఉంటుంది, స్వరకర్త పేరుతో వెతికితే దొరుకుతుందా, తెలుగు లిపిలో పేర్లున్న ఫైళ్లు సరిగ్గా కనబడతాయా లేక డబ్బాలుగా వస్తాయా అన్నవి అసలు పరీక్షలు. పెన్‌డ్రైవ్‌లో అలాంటి ఫైళ్లు కొన్ని పట్టుకెళ్తే సరిపోతుంది. చాలా కంపెనీల యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి, స్ట్రీమర్ చూడ్డానికి వెళ్లేముందే సొంత ఫోన్‌లో వేసుకుని వెళ్లాలి. అమ్మేవాళ్ల చేతిలోని టాబ్లెట్‌లో ఏ యాపైనా బాగానే నడుస్తుంది.

ఇన్ని చూసి కొన్నా ఏదో ఒకరోజు యాప్ ఆగిపోవచ్చు. ఆ రోజుకి యాప్ కాకుండా ఇంకో దారి కూడా ఉన్న పెట్టెనే కొనాలి. కంపెనీ యాప్ పోతే యూపీఎన్‌పీతో బయటి యాప్ పనిచేయాలి, అదీ కుదరకపోతే ఏదో ఒక కనెక్ట్ ఉండాలి. స్ట్రీమర్‌కే ఒక వెబ్ పేజీ ఉండి ఫోన్ బ్రౌజర్‌లో తెరవగలిగితే ఇంకా మంచిది. వోల్యూమియో అనే స్ట్రీమర్ సాఫ్ట్‌వేర్ ఇలాగే నడుస్తుంది, బ్రౌజర్ లేని ఫోన్ అంటూ ఉండదు. పాటల వరస ఫోన్‌లోనే ఉండిపోయే పాత స్ట్రీమర్లకి కూడా మందు ఉంది. ఇంట్లోని హార్డ్‌డిస్క్ సర్వర్‌లో బబుల్ యూపీఎన్‌పీ సర్వర్ వేస్తే, మామూలు యూపీఎన్‌పీ పెట్టెని ఓపెన్‌హోమ్ పెట్టెలా చూపిస్తుంది.

ఇక వెనకవైపు చూడాల్సింది డిజిటల్ ఇన్‌పుట్‌లు. యూఎస్‌బీ, ఆప్టికల్, కొయాక్సియల్‌లో ఒక్కటైనా ఉంటే, నెట్‌వర్క్ భాగం పూర్తిగా మూలపడినా డాక్‌గా ఆ పెట్టె బతుకుతుంది. ముందు ఒక చిన్న కొత్త స్ట్రీమర్ తగిలిస్తే సరి. అసలు మొదటినుంచే ఈ రెండింటినీ విడిగా కొనడం ఇంకా నిలకడైన పద్ధతి. ఎక్కువ డబ్బు డాక్‌లో పెట్టి, దాని ముందు మార్చుకోవడానికి మనసు ఒప్పే సాదా స్ట్రీమర్ పెట్టుకోవచ్చు. అయిదారేళ్లకోసారి యాప్ మొరాయించినప్పుడు మార్చాల్సింది ఆ ముందున్న చిన్న డబ్బా ఒక్కటే అవుతుంది.